చెన్నై న్యాయవాద కార్యాలయాల్లో వైవిధ్యం

న్యాయవాద కార్యాలయంలో వైవిధ్యం అంటే అక్కడ కేసులు రాసేవారు, వాదించేవారు, ఫీజులో వాటా పొందేవారు ఏయే కులాల, మతాల, ప్రాంతాల, ఆర్థిక స్థితుల నుంచి వచ్చారు, వారిలో స్త్రీలు ఎందరు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వికలాంగులకూ చోటు ఉందా అన్న లెక్క. చెన్నైలో ఈ ప్రశ్న మద్రాసు హైకోర్టు చరిత్రతోనూ, దాని చుట్టూ తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, అర్మేనియన్ వీధుల్లో అల్లుకున్న లాయర్ల ఆఫీసులతోనూ ముడిపడి ఉంది. నూట అరవై ఏళ్ల ఈ చరిత్ర ఒక సంగతిని స్పష్టంగా చూపిస్తుంది. సన్నదు, అంటే న్యాయవాదిగా పనిచేసే అనుమతి, ఇచ్చే తలుపును చట్టం అందరికీ తెరవగలిగింది. సీనియర్ ఆఫీసు తలుపు మాత్రం ఇప్పటికీ బంధుత్వానికీ, సిఫారసుకీ, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగల స్తోమతకీ ఎక్కువగా తెరుచుకుంటుంది. మొదటి తలుపు దగ్గర ఎవరు వస్తున్నారో లెక్కపెట్టారు. రెండో తలుపు దగ్గర ఎవరూ లెక్కపెట్టలేదు. తేడాకు మూలం ఇక్కడే ఉంది.

సన్నదు దాకా వచ్చిన మార్పు

1862లో హైకోర్టు ఏర్పడేనాటికి న్యాయవాదులంతా ఒకే వరుసలో లేరు. ఇంగ్లండులో చదివొచ్చిన బారిస్టర్లు పై మెట్టు మీద ఉండేవారు. కక్షిదారుకూ బారిస్టరుకూ నడుమ అటార్నీలు పనిచేసేవారు. ఇక్కడి చదువుతో వచ్చిన వకీళ్లది ఆ తర్వాతి మెట్టు, కింది కోర్టులు దాటి రాలేని సెకండ్ గ్రేడ్ ప్లీడర్లది అట్టడుగు మెట్టు. టంగుటూరి ప్రకాశం పంతులు జీవితం ఈ మెట్ల ఎత్తును చెబుతుంది. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి చదివిస్తే ఆయన ప్లీడరై రాజమండ్రిలో పేరు తెచ్చుకున్నారు. అయినా హైకోర్టులో నిలబడి వాదించడానికి సముద్రం దాటి బారిస్టరై రావలసి వచ్చింది. 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టం వకీళ్లకూ బారిస్టర్లకూ మధ్య అంతరాన్ని తగ్గించింది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం అందరినీ ఒకే పట్టీలోకి తెచ్చింది. 1976 సవరణతో అటార్నీ అన్న వర్గమే రద్దయింది.

స్త్రీల విషయంలోనూ చట్టమే దారి వేసింది. స్త్రీ అన్న కారణంతో ఎవరినీ వృత్తికి దూరం పెట్టరాదని 1923లో శాసనం వచ్చింది. 1929లో ఆనందాబాయి మద్రాసులో అడ్వకేటుగా నమోదయ్యారు. బాల్యవివాహాన్నీ, జైలు శిక్షలనూ దాటుకుని లా చదివిన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి 1942లో మద్రాసు బార్‌లో చేరారు, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 2018 జూన్ 30న సత్యశ్రీ షర్మిల తమిళనాడు, పుదుచ్చేరి బార్ కౌన్సిల్‌లో నమోదై దేశంలోనే తొలి ట్రాన్స్‌జెండర్ అడ్వకేటుగా గుర్తింపు పొందారు. తమిళనాడు ప్రభుత్వ లా కళాశాలల్లో 69 శాతం రిజర్వేషన్ వల్ల ఏ ఏటికాయేడు బయటికి వచ్చే పట్టభద్రుల్లో అన్ని వర్గాల పిల్లలూ ఉంటున్నారు.

లెక్క తెచ్చిన మార్పు

కులం విషయంలో మార్పు ఎలా వచ్చిందో గమనించాలి. 1912 నాటి లెక్క ప్రకారం మద్రాసు రాష్ట్రంలో 128 మంది జిల్లా మున్సిఫుల్లో 93 మంది బ్రాహ్మణులు, 25 మంది బ్రాహ్మణేతర హిందువులు. జనాభాలో బ్రాహ్మణులు సుమారు 3 శాతం మాత్రమే. ఈ అంకెలు బయటికి రావడంతో బ్రాహ్మణేతర ఉద్యమం తన వాదాన్ని రుజువులతో నిలబెట్టగలిగింది. జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921 నుంచి ఉద్యోగాల్లో వాటాల ఉత్తర్వులు తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 83 మున్సిఫు పోస్టులను హరిజనులకు 19, ముస్లింలకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతరులకు 32, బ్రాహ్మణులకు 11 అని పంచితే, ఆ పద్ధతి వెంకటరమణ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1951లో కోర్టు హరిజనులకూ వెనుకబడినవారికీ కేటాయింపును నిలిపి, మిగతా పంపకాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు తప్పొప్పుల మాట ఎలా ఉన్నా, న్యాయశాఖ కొలువులో ఎవరున్నారన్నది అప్పటికే బహిరంగ చర్చలో ఉంది. వకీలు ఆఫీసుల గురించి అలాంటి పట్టిక ఒక్కటీ ఏనాడూ రాలేదు.

కొలువుల బహిరంగ భర్తీ ఫలితం పై స్థాయిలో కనబడుతుంది. 1949లో జిల్లా మున్సిఫుగా చేరిన ఎ. వరదరాజన్ 1973లో మద్రాసు హైకోర్టుకు, 1980లో సుప్రీంకోర్టుకు చేరి, అక్కడ తొలి దళిత న్యాయమూర్తి అయ్యారు. 1988లో నేరుగా జిల్లా జడ్జిగా ఎంపికైన ఆర్. భానుమతి 2003లో మద్రాసు హైకోర్టుకు, 2014లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంతకు చాలా ముందే, నెలకు ఒక రూపాయి జీతం మీద పల్లె లెక్కల పనిలో కుదిరిన టి. ముత్తుస్వామి అయ్యర్ తహశీల్దారుగా, మున్సిఫుగా ఎదిగి, మద్రాసు హైకోర్టు తొలి భారతీయ న్యాయమూర్తి అయ్యారు. ఒకరికి కులం, ఒకరికి స్త్రీ కావడం, ఒకరికి పేదరికంతోపాటు పాలితజాతి కావడం అడ్డుగోడలు. ముగ్గురూ పైకి వచ్చింది బహిరంగంగా భర్తీ చేసే కొలువు దారిలోనే, ఛాంబర్ పలుకుబడితో కాదు.

ఆఫీసు తలుపు

ఛాంబర్ దారి తీరు వేరు. కోకా సుబ్బారావు మామగారైన పి. వెంకటరమణారావు ఆఫీసులో జూనియర్‌గా చేరారు. మామగారు హైకోర్టు జడ్జి అయ్యాక బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు నడిపారు. రాజమన్నార్ 1948లో మద్రాసు హైకోర్టు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇద్దరి ప్రతిభనూ ఎవరూ శంకించరు. ఒక్క ఇల్లు ఒక్క ఆఫీసుగా మారినప్పుడు ప్రతిభకు ఎంత బలం చేకూరుతుందో మాత్రం ఈ ఉదాహరణ చెబుతుంది. ఆ ఇంట్లో పుట్టని, ఆ ఇంటికి అల్లుడు కాని ప్రతిభావంతుడికి అదే బలం ఎవరివ్వాలన్నదే ప్రశ్న.

నియమాల నిర్మాణం కూడా ఈ తలుపును బిగిస్తుంది. ప్రాక్టీసు చేసే అడ్వకేటు ఎవరి దగ్గరా పూర్తికాలపు జీతగాడిగా ఉండరాదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతుంది. వృత్తి స్వతంత్రత కోసం పెట్టిన ఈ నియమం వల్ల జూనియర్ ఉద్యోగి కాకుండా పోతాడు. అతనికి వచ్చేది జీతం కాదు, సీనియర్ ఇష్టపడి ఇచ్చే మొత్తం. కనీస వేతనం, ప్రసూతి సెలవు వంటి రక్షణలు ఉద్యోగికి దక్కినంత సులువుగా అతనికీ ఆమెకీ దక్కవు. చెన్నైలో గది అద్దె, భోజనం ఇంటి నుంచి తెచ్చుకోగలిగినవారే మొదటి నాలుగైదేళ్లు నిలుస్తారు. వేలూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చిన కూలివాళ్ల బిడ్డ ఈలోగా వృత్తి మార్చుకుంటాడు. ప్రాంతీయ భాషలో చదివినవారికి ఇంగ్లీషులో నడిచే హైకోర్టు ఇంకో అడ్డంకి.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ప్రతిభ గురించి. కోర్టులో నెగ్గేది వాదన, పుట్టుక కాదంటారు. ఆ మాట నిజం. నిజం కనుకనే ఎంపిక బహిరంగంగా జరగాలి. ఖాళీ ఉందన్న సంగతి బంధువులకూ స్నేహితులకూ మాత్రమే తెలిస్తే, ఎంపికైనవాడు ఉత్తముడో కాదో తేల్చే పోటీ అసలు జరగనే లేదు. ప్రకాశం పంతులు, పూజారి కుటుంబంలో పుట్టి మద్రాసు అడ్వకేట్ జనరల్ అయిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటివారిని చూపి, ప్రతిభ ఎలాగైనా పైకి వస్తుందని కొందరంటారు. కానీ దారి మధ్యలో ఆగిపోయినవారి పేర్లు చరిత్రలో ఉండవు. గట్టెక్కినవారిని మాత్రమే చూసి ఏటి లోతు చెప్పలేం.

రెండో అభ్యంతరం కక్షిదారు నమ్మకం. కక్షిదారు తనకు తెలిసిన పేరును వెతుక్కుంటూ వస్తాడు, ఆఫీసు అతని మాట కాదనలేదంటారు. అయితే కక్షిదారు నమ్మేది సీనియర్‌ని. ఏ ఫైలు ఏ జూనియర్‌కు ఇవ్వాలో తేల్చేది సీనియరే. స్త్రీలకు కుటుంబ వ్యాజ్యాలు, పురుషులకు కంపెనీ వ్యాజ్యాలు అని పంచితే పదేళ్ల తర్వాత ఎవరికి పేరొస్తుందో ఆనాడే నిర్ణయమైపోతుంది. 2021లో భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎన్.వి. రమణ దేశంలోని 17 లక్షల న్యాయవాదుల్లో స్త్రీలు 15 శాతమేననీ, రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైనవారిలో 2 శాతమేననీ చెప్పారు. తొలి మహిళ నమోదై తొంభై ఏళ్లు దాటిన తర్వాతి అంకెలివి. కాలం గడిస్తే అదే సర్దుకుంటుందన్న మాటకు ఇవే సమాధానం.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఒక గుమాస్తా, ఇద్దరు జూనియర్లతో నడిచే చిన్న ఆఫీసు మీద నియమాలు రుద్దితే అది మూతపడుతుందన్న భయం. మొదటి తరం లాయర్లు, అణగారిన కులాల లాయర్లు నడిపే ఆఫీసులే ఎక్కువగా ఇలాంటివి కాబట్టి ఈ భయాన్ని తీసిపారేయకూడదు. అందుకే భారం ఆఫీసు స్తోమతను బట్టి ఉండాలి, చిన్న ఆఫీసుల వాటాను ప్రభుత్వం మోయాలి.

చేయదగినవి

ఇది సాధ్యమేనని ఇప్పటికే తేలింది. ఆంధ్రప్రదేశ్ 2019లో వై.ఎస్.ఆర్. లా నేస్తం పేరిట యువ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు జూనియర్లకు చెన్నై, మదురై, కోయంబత్తూరుల్లో నెలకు కనీసం 20,000, మిగతా చోట్ల 15,000 రూపాయలు చెల్లించేలా చూడాలని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. అదే ఏడాది భారత బార్ కౌన్సిల్ కూడా నగరాలకూ పల్లెలకూ ఇవే మొత్తాలను సిఫారసు చేసింది. సిఫారసు అమలయ్యేలా చూడటం తొలి పని.

రెండో పని లెక్క. ఇంగ్లండులో సొలిసిటర్ల నియంత్రణ సంస్థ ప్రతి ఫర్మూ తన సిబ్బంది వైవిధ్య వివరాలు సేకరించి ప్రకటించాలని కోరుతుంది. చెన్నైలో కనీసం పెద్ద ఫర్ములు, ప్రభుత్వ న్యాయవాదుల కార్యాలయాలు, ప్రభుత్వ రంగ సంస్థల కేసులు చేసే ఆఫీసులు ఇలా చెప్పవచ్చు. ప్రజాధనంతో ఫీజు పుచ్చుకునే చోట దీన్ని అడిగే హక్కు ప్రజలకుంది. ఎందరు చేరారన్న ఒక్క అంకె చాలదు. వకాలత్‌లో ఎవరి పేరుంది, కోర్టులో లేచి నిలబడింది ఎవరు, ఐదేళ్ల తర్వాత ఎవరు మిగిలారు అన్న మూడింటినీ లెక్కించాలి. 1912లో 128 మంది మున్సిఫుల పట్టిక వేసిన నగరానికి ఈ పని కొత్త కాదు. ఆ పట్టిక వల్ల న్యాయపీఠం మీద మనుషులు మారారు. పీఠానికి ఎదురుగా నిలబడేవారి పట్టిక ఇంకా రాయవలసి ఉంది.