టాంకు శబ్దార్థ విచారము

ఒక దేశపు పదము వేఱొక భాషలోనికి బోయి, అచట బహుకాలము వసించి, నూతనార్థములను గడించి, తుదకు పుట్టినింటికి మరలి వచ్చుట భాషాచరిత్రమున అరుదు కాదు. అట్లు వచ్చిన పదము కొన్నియెడల తన పూర్వార్థమునే మఱుగుపఱచును. ఆంగ్లమున మిక్కిలి వాడుకలోనున్న 'టాంకు' శబ్దము అట్టిది. దీని యర్థభేదములను తెలియుట నిఘంటుకారునికి మాత్రమే చెల్లిన పని గాదు. మన గ్రామముల జలచరిత్రమునకును దీనికిని సంబంధము కలదు. నల్లగొండ జిల్లా యందలి మర్రిగూడ ప్రాంతమును నిదర్శనముగా గొని ఈ విషయమును విచారింతము.

ఈ శబ్దము ఇంగ్లండున బుట్టినది కాదు. ఘూర్జర మహారాష్ట్ర భాషలలో నీటితొట్టికిని, నీరు నిలువయుండు తావునకును దీనిని బోలిన రూపములు కలవు. పోర్చుగీసు భాషలోను నీటిమడుగునకు 'తాంకె' యను పేరు కలదు. అది నీటిని అడ్డగించి నిలుపుట యను నర్థముగల క్రియనుండి వచ్చినదందురు. పోర్చుగీసువారు పశ్చిమసముద్రతీరమున నెలకొన్నపుడు ధ్వనిచేతను అర్థముచేతను సన్నిహితములైన ఈ రెండు పదములును కలిసిపోయినట్లు తోచుచున్నది. యూలు, బర్నెలు పండితులు 1886వ సంవత్సరమున ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువున ఈ మూలములు రెండును చర్చింపబడినవి. సంస్కృతమందలి టంకశబ్దమునకు రాతిని చెక్కు ఉలి యనియు, నాణె మనియు అర్థములు కలవు. మన టంకసాల యందున్నది నాణెపు టంకమే. రాతిని దొలిచి నీరు నిలుపుదురు గావున టాంకునకు ఈ ఉలియే మూలమని యూహింప మనసగును. కాని ధ్వనిసామ్యమాత్రమున సంబంధమును నిశ్చయింపరాదు.

ఇక అర్థములు. ఆంగ్లాధికారులు దక్షిణదేశమున చెఱువును 'టాంకు' అనిరి. 1852లో వెలువడిన బ్రౌను దొరవారి తెలుగు నిఘంటువునను చెఱువునకు ఇదియే అర్థము. మద్రాసు రాజధానిలో 1883లో ఆరంభమైన చెఱువుల పునరుద్ధరణ పథకమునకు ఈ పదముతోడనే పేరు పెట్టిరి. ఇబ్రహీం కుతుబ్ షాహ కాలమున నిర్మితమైన హుస్సేనుసాగరపు కట్ట నేటికిని 'టాంకుబండు' అనియే పిలువబడుచున్నది. ఇది మొదటి యర్థము. ఇంగ్లండునందు ఈ పదము నీటికిని నూనెకును వాడు లోహపాత్రమునకు చెల్లెను. ఇది రెండవది. 1915వ సంవత్సరాంతమున అచటివారు ఒక నూతన యుద్ధశకటమును నిర్మించుచు, శత్రువునకు రహస్యము తెలియకుండుటకై దానిని నీటితొట్టి యని వ్యవహరించిరి. 1916 సెప్టెంబరు 15వ తేదీన సొమ్ము నదీప్రాంతపు యుద్ధమున అది తొలుత ప్రయోగింపబడెను. మాఱుపేరు శాశ్వతమై మూడవ యర్థమయ్యెను. 1948 సెప్టెంబరున భారతసైన్యము షోలాపురపు మార్గమున హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినపుడు ఈ శకటములు దానివెంట నుండెను. చెఱువుకట్ట పేరును యుద్ధశకటము పేరును ఇట్లు ఒకే నగరమున ఒకే పదమైనవి. స్తంభములపై నిలిపిన నీటితొట్టి నాలుగవది. గ్రామములలో దానిని 'టాంకి' యందురు.

ఈ నాలుగింటిలో చెఱువునకును తొట్టికిని గల భేదము ముఖ్యము. చెఱువు కేవలము నీరు నిలుచు తావు గాదు. దానికి కట్ట కలదు, తూము కలదు, మిగులునీటిని విడుచు మత్తడి కలదు, లోతట్టున శిఖము కలదు, దిగువ ఆయకట్టు కలదు, నీటిని పంచు నీరటి కలడు. ఒక చెఱువు మత్తడి దూకినచో ఆ నీరు దిగువ చెఱువును జేరును. ఇట్టివానిని గొలుసుకట్టు చెఱువు లందురు. నల్లగొండకు సమీపమున పానగల్లునందలి ఉదయసముద్రము కందూరు చోడుల కాలపు కృషికి సాక్షి. చెఱువునీరు భూమిలోనికి ఇంకి బావులను నింపును. తొట్టి యీ పని చేయదు. అది తన యందు పోసిన నీటిని పోసినట్లే యిచ్చును.

మర్రిగూడ ప్రాంతమున ఈ భేదము ప్రాణావసరము. ఇది నల్లరాతి మెట్టభూమి. ఆ శిలలయందలి ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలమున కరగును. నీరు శిలలనడుమ ఎంతకాలము నిలిచినచో అంత హెచ్చును. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. మించినచో దంతములు మచ్చలుపడును, ఎముకలు బిగిసి వంగును. ఈ వ్యాధి మన దేశమున 1937లో మద్రాసు రాజధానియందు వర్ణింపబడెను. నల్లగొండ జిల్లాలోని వ్యాధినిగూర్చి సిద్ధికీ వైద్యుడు 1955లో వ్రాసెను. కావున గొట్టపుబావులకు మునుపే యిచట ఈ బాధ కలదు. 'చెఱువు' అను పేరు పోయినందున నీరు చెడినదనుట అసంగతము. కాని చెఱువులు పూడి, ఇంకు నీరు తగ్గి, గొట్టములు లోతునకు దిగినకొలది దోషము బలపడుట సహజము. ఆ నీటిని ఎంత యెత్తున తొట్టిలో నిలిపినను దోషము పోదు. 'గ్రామమునకు టాంకు కలదు' అను వాక్యము చెఱువునకును చెల్లును, తొట్టికిని చెల్లును. కాని ఆ రెండు గ్రామముల భాగ్యము ఒకటి గాదు.

అట్లని తొట్టిని నిందింపరాదు. పటికను సున్నమును కలిపి ఫ్లోరైడును తొలగించు 'నల్లగొండ పద్ధతి' నాగపురపు జాతీయ పరిశోధనసంస్థవారు 1970 ప్రాంతపు దశాబ్దిలో కల్పించినది. అదియు తొట్టిలోనే జరుగును. 2016లో ఆరంభమైన భగీరథ పథకమున దూరపు నదీజలము ఇంటింటికి వచ్చుటకు ఎత్తైన తొట్టియే ఆధారము. 2015లో కాకతీయ పథకమున 46 వేలకు మించిన చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. ఆ సంవత్సరముననే మర్రిగూడ మండలమున శివన్నగూడెము జలాశయమునకు శంకుస్థాపన జరిగెను. చెఱువు, తొట్టి, జలాశయము: మూటికిని వేర్వేఱు ధర్మములు కలవు. ఒకటి చేయు పనిని మఱియొకటి చేయదు.

కావున పూర్వపు ఆంగ్లపత్రములను తెలుగుచేయు పండితులు 'టాంకు' అను పదము కనబడినయెడల సందర్భమునుబట్టి అర్థనిర్ణయము చేయవలయును. ఉపాధ్యాయులు పాఠములలో చెఱువును చెఱువనియే బోధింపవలయును. మత్తడి, తూము, శిఖము, నీరటి మొదలగు పదములు వృద్ధకర్షకుల నోట నిలిచియున్నపుడే సేకరించి, వాని యర్థములను వ్యవహారముతోగూడ వ్రాసి యుంచుట యుక్తము. పేరు మఱచిన వస్తువును కోరుట కష్టము. కోరని వస్తువును కాపాడువారు ఉండరు.