గుటాయ్ కళా ఉద్యమం

రెండో ప్రపంచ యుద్ధానంతర జపాన్‌లో పుట్టిన ప్రయోగవాద కళా ఉద్యమం. వంటనూనెల వ్యాపార కుటుంబానికి చెందిన చిత్రకారుడు జిరో యోషిహారా 1954లో ఒసాకా సమీపంలోని ఆషియాలో యువ కళాకారులను కూడగట్టి దీన్ని స్థాపించాడు. ఇతరులను అనుకరించవద్దు, ఇంతవరకు లేనిదాన్ని సృష్టించండి అన్నదే ఆయన శిష్యులకు పెట్టిన షరతు.

1955లో టోక్యో ప్రదర్శనలో బృంద సభ్యుడు కజువో షిరాగా ఒంటిమీద దాదాపు బట్టల్లేకుండా బురదలో పొర్లాడి, ఆ పెనుగులాట మిగిల్చిన గుర్తులనే కళాఖండమన్నాడు. తాడు పట్టుకొని వేలాడుతూ కాళ్లతో రంగులు పులమడం ఆయన ప్రత్యేకత. సబురో మురకామి చట్రాలకు బిగించిన కాగితాలను ఒంటితో చించుకుంటూ దూసుకుపోయాడు. అత్సుకో తనాకా 1956లో రంగులేసిన బల్బులతో, తీగలతో అల్లిన విద్యుత్ దుస్తులు తొడుక్కుంది. వెలుగుతూ ఆరే ఆ బరువైన దుస్తుల్లో షాక్ కొట్టే ప్రమాదమూ ఉండేది. పదార్థాన్ని లొంగదీయకుండా దాని జీవాన్ని బయటపెట్టాలని అదే ఏడాది యోషిహారా రాసిన ప్రణాళిక చెబుతుంది.

ఫ్రెంచి విమర్శకుడు మిషెల్ తాపియే 1957లో జపాన్ వచ్చి వీరిని పాశ్చాత్యులకు పరిచయం చేశాడు. అయితే ఆయన ప్రోత్సాహంతో ఇలాంటి ప్రత్యక్ష ప్రదర్శనలు తగ్గి, అమ్ముడుపోయే కాన్వాసులు పెరిగాయి. మరుసటి ఏడాది న్యూయార్క్ ప్రదర్శనను అక్కడి విమర్శకులు అమెరికన్ చిత్రకారుడు పొలాక్‌కు నకలని తేల్చేశారు; తొందరపాటు తీర్పే అది. 1972లో యోషిహారా మరణంతో బృందం రద్దయింది.