మాసోనిక్ శాంతి స్మారకం

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) మరణించిన ఫ్రీమేసన్ల (ఫ్రీమేసన్రీ అనే సోదర సంఘం సభ్యుల) స్మృత్యర్థం లండన్‌లోని గ్రేట్ క్వీన్ వీధిలో నిర్మించిన భవనం. నేటి పేరు ఫ్రీమేసన్స్ హాల్. విరాళాల సేకరణ 1919లో, నిర్మాణం 1927లో మొదలయ్యాయి; 1933లో ప్రారంభోత్సవం జరిగింది. వాస్తుశిల్పులు ఆష్లీ, న్యూమన్. భవనంలో, శిల్పి వాల్టర్ గిల్బర్ట్ రూపొందించిన కంచు పేటికలో 3,225 మంది మృతుల పేర్ల చుట్ట ఉంది. అసలు స్మారకం ఈ పేటికే అనవచ్చు. అదే యుద్ధంలో మరణించిన బ్రిటిష్ ఫిరంగిదళం వారికి లండన్‌లోనే హైడ్ పార్క్ మూలన వేరే స్మారకం (1925) ఉంది, శిల్పి జాగర్. అది 49,076 మంది మృతులకు అంకితం. కనుక యుద్ధంలో మరణించిన ఫిరంగిదళ అధికారి ఫ్రీమేసన్ కూడా అయితే, నగరంలో రెండుచోట్ల స్మరణకు వస్తాడు. తెలుగునాట ఫ్రీమేసన్ల ప్రసిద్ధ మందిరం హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరి. కుతుబ్‌షాహీల కాలపు కట్టడం.