కీ ఇస్తే తిరిగే తుపాకి

తుపాకికి కీ ఇవ్వడం గురించి ఎప్పుడైనా విన్నారా? గోడగడియారానికి ఇస్తాం, పిల్లల బొమ్మ కారుకి ఇస్తాం. తుపాకికి కూడా కీ ఇచ్చిన రోజులున్నాయి. అవి తాతల కాలం రోజులనుకునేరు, కాదు. 1980 తరవాతివే.

దాని పేరు స్ట్రైకర్. తయారుచేసినవాడు హిల్టన్ వాకర్, రొడీషియా దేశస్థుడు. ఆ దేశాన్నే ఇప్పుడు జింబాబ్వే అంటున్నాం. నల్లవాళ్ళకి అధికారం ఇవ్వాల్సి వస్తుందని 1965లో అక్కడి తెల్లదొరలు బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకుని, తమ స్వాతంత్ర్యం తామే ప్రకటించుకున్నారు. తరవాత ఏళ్ళ తరబడి యుద్ధం. 1980లో దేశం పేరూ మారింది, ఏలేవాళ్ళూ మారారు. వాకర్ తన నక్షాలు పట్టుకుని దక్షిణాఫ్రికా చేరాడు. ఒక్క తుపాకి పట్టుకుని గుంపునంతా ఆపెయ్యాలన్న ఆలోచన అలాంటి చోట పుట్టిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

దాని లోపలి సంగతి చెప్పాలంటే మన పోపుల డబ్బా గుర్తు తెచ్చుకోండి. గుండ్రటి పెద్ద డబ్బా, అందులో చుట్టూ పన్నెండు గదులు, గదికొక తూటా. షాట్‌గన్ తూటా అంటే ఒక్క గుండు కాదు, పొట్టనిండా సీసపు గుళ్ళు. ముందు కీ తిప్పి స్ప్రింగు బిగించాలి. మీట నొక్కినప్పుడల్లా డబ్బా ఒక్క గది జరిగి, కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. అలా గబగబా పన్నెండు దెబ్బలు!

బాగానే ఉంది, ఆ తరవాత? అక్కడే వచ్చింది చిక్కు. ఖాళీ గుల్లలు వాటంతటవి రాలి పడవు. ఒక్కొక్కదాన్నీ ఊచతో పొడిచి బయటికి తొయ్యాలి, ఆ గదిలో కొత్తది పెట్టాలి, డబ్బా తిప్పి పక్క గదికి రావాలి. ఇలా పన్నెండుసార్లు. ఆపైన మళ్ళీ కీ. ఈలోగా పొయ్యి మీద ఒక వాయి గారెలు వేగిపోతాయి. ఎదుటివాడు అంతసేపూ చేతులు కట్టుకు నిలబడతాడా? ఈ బాధ పడలేకే కాబోలు, కొన్నేళ్ళకి వాకర్ కీ తీసేసి, గుల్లలు వాటంతటవే బయటపడేలా మార్చి, ప్రొటెక్టా అని ఇంకొకటి చేశాడు.

తిరిగే డబ్బా ఊహ మాత్రం కొత్తది కాదు. 1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ తిరిగే పిస్తోలుకి పేటెంటు తీసుకున్నాడు. తరవాత ఆయన కంపెనీ అదే పద్ధతిలో పొడుగు తుపాకులు, షాట్‌గన్లు కూడా చేసింది. ఒక గదిలో నిప్పంటుకుంటే ఒక్కోసారి పక్క గదులూ అంటుకునేవి. పిస్తోలైతే చెయ్యి వెనక ఉంటుంది. పొడుగు తుపాకికి ఎడమచెయ్యి ముందు పట్టుకోవాలి కదా, పాపం ఆ చేతికే ముప్పు.

స్ట్రైకర్ని అమెరికాలోకి దిగుమతి కానివ్వలేదు, వేటకీ క్రీడకీ పనికొచ్చేది కాదని. అయితేనేం, అట్లాంటాలో ఒక కంపెనీ అలాంటిదే అక్కడే చేసి ‘స్ట్రీట్ స్వీపర్’ అని పేరు పెట్టి అమ్మింది. అంటే వీధులు ఊడ్చేది! రోజూ తెల్లారి లేచి వాకిలి ఊడ్చేవాళ్ళం మనం. ఇక్కడ ఊడ్చేది చెత్తని కాదు, మనుషుల్ని. చివరికి 1994లో అక్కడి ఖజానా శాఖ దాన్ని విధ్వంసక ఆయుధాల పద్దులో, చేతిబాంబుల సరసన చేర్చింది. ఉన్నవాళ్ళు రిజిస్టరు చేయించుకోవాలన్నారు. దాంతో అంగళ్ళలో దాని కథ ముగిసినట్టే.

తెరమీద మాత్రం అప్పుడే మొదలైందనాలి. తిరిగే డబ్బా అంటే తెరకి మొదట్నించీ మోజే. స్ట్రైకర్ ఇంకా పుట్టకముందే, 1980లో వచ్చిన ‘ది డాగ్స్ ఆఫ్ వార్’ సినిమాలో క్రిస్టఫర్ వాకెన్ ముఠా ఇలాంటి డబ్బా తుపాకితోనే ఆఫ్రికాలో ఒక కల్పిత దేశం మీద పడుతుంది. అది గుళ్ళు కాదు, బాంబులు విసురుతుంది. జాతి వేరైనా తిరుగుడు ఒకటే.

స్ట్రైకర్ అసలు పేరు సంపాదించింది పిల్లల వీడియో ఆటల్లో. 2005లో వచ్చిన జపాను ఆట ‘రెసిడెంట్ ఈవిల్ 4’లో దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. ఇంకా డబ్బు పోస్తే అందులో నూరు తూటాలు పట్టేలా చేసిస్తాడు ఆ వ్యాపారి. అదే డబ్బా, అంతే పరిమాణం, నూరు తూటాలు! మన పెళ్ళిళ్ళలో కూడా పప్పుగిన్నె ఇలా పెరిగితే ఎంత బావుండును. 2016లో ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ ఆన్‌లైన్ ఆటలోకి కూడా ‘స్వీపర్’ పేరుతో దీని పోలికే ఒకటి వచ్చి చేరింది.

తుపాకి తెరకెక్కగానే ముందు మాయమయ్యేది నింపుకునే సమయం. కథలు రాసేదాన్ని కనక నాకు ఆ సమయమే ముఖ్యంగా కనిపిస్తుంది. వేళ్ళు వణుకుతాయి, తూటా జారిపోతుంది, ఎదుటివాడికీ భార్యాబిడ్డలుంటారని తోస్తే అప్పుడే తోస్తుంది. అంతా కత్తిరించేసి ఢాం ఢాం మాత్రం మిగిల్చారు.

అందరూ కత్తిరించలేదులెండి. 2009లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ ఆటలో స్ట్రైకర్‌కి తూటాలు ఒక్కొక్కటీ పెట్టుకోవాల్సిందే. అది చెప్పింది మా అబ్బాయే. “మరి నువ్వు అదే పట్టుకుంటావా?” అనడిగాను.

“ఎవరు పట్టుకుంటారమ్మా, నింపేలోపల చంపేస్తారు” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.