ఆగిపోయిన సీజను: వెస్ట్ పాయింట్, 1909

అమెరికా సైనిక కళాశాల వెస్ట్ పాయింట్ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన సీజన్ల గురించి వ్రాసినవారు అనేకులు. ఐదు ఆటలు ఆడి, ఆరవ ఆటకు ముందే ఆగిపోయిన 1909 సీజను గురించి వ్రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆ జట్టు మూడింట గెలిచింది, రెండింట ఓడింది. పట్టికలో చూస్తే అది కంటికి ఆనని సంవత్సరం. కానీ ఆ ఆట ఈనాడు ఉన్న రూపానికి రావడానికి గల కారణాలను వెదుకుతూ పోతే, దారి హడ్సన్ నది ఒడ్డున ఆ ఐదవ ఆట జరిగిన మైదానానికే చేరుతుంది.

ముందుగా ఒక మనవి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఊళ్లలో కుర్రవాళ్లు కాళ్లతో తన్నే బంతాట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకొని ఎదుటివారి గీత దాటించే అమెరికా ఆట. 1909 నాటి నిబంధనల ప్రకారం మూడు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి, లేదా బంతిని వదులుకోవాలి. బంతిని ముందుకు విసరవచ్చునని 1906లో అనుమతి ఇచ్చారు గానీ, దానికి తగిలించిన ఆంక్షలు చూసి చాలా జట్లు ఆ జోలికి పోలేదు. ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే. బంతి పట్టుకున్నవాడి చుట్టూ సొంత జట్టువారు చేతులు పెనవేసుకొని గోడ కట్టడం, వెనుకనుంచి వాణ్ణి తోయడం, ముందునుంచి లాగడం, అందరూ కలిసి ఎదుటి వరుసలో ఒక మనిషి మీద పడడం. చెడుగుడులో కూతకు వెళ్లిన ఒక్కణ్ణి జట్టంతా చుట్టుముట్టడం మనకు తెలుసు. అయితే అక్కడ కూత ఆగితే ఆట ఆగుతుంది. ఇక్కడ కుప్ప కూలేదాకా ఆగదు.

ఇంకొక నిబంధన కూడా ఉండేది. ఒకసారి మైదానం వదిలి బయటికి వచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి వెళ్లరాదు. కాబట్టి అలసినవాడు, దెబ్బ తగిలినవాడు కూడా పళ్లబిగువున నిలబడేవాడు. తలకు తోలు టోపీ పెట్టుకోవడం ఎవరి ఇష్టం వారిది (కళాశాలల ఆటలో అది తప్పనిసరి అయింది 1939లో మాత్రమే!).

ఈ ఆట మనుషులను చంపుతున్నదన్న సంగతి 1909లో కొత్తగా తెలిసినది కాదు. 1905 సీజనులో 18 మంది మరణించారని చికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్క కట్టింది. ఆ అక్టోబరులోనే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడాడు. ఆయన ఆటకు శత్రువు కాడు. ఆయన కుమారుడే ఆ ఏడాది హార్వర్డ్ మొదటి సంవత్సరం విద్యార్థుల జట్టులో ఆడి ముక్కు విరగ్గొట్టుకున్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆటనే మానేసింది. పడమటి తీరాన స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు రగ్బీకి మారాయి. డిసెంబరు చివర న్యూయార్కులో 60కి పైగా కళాశాలలు సమావేశమై ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఈనాడు ఎన్‌సీఏఏ అన్న పేరుతో ఉన్న సంస్థకు అదే తొలి రూపం. ఆ సంఘానికి తొలి అధ్యక్షుడు కెప్టెన్ పామర్ పియర్స్, వెస్ట్ పాయింట్‌కు చెందిన సైనికాధికారి. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకోవాలని ప్రార్థన. ఆటను బాగుచేస్తామని ముందుకు వచ్చిన సంఘానికి నాయకత్వం వహించినది ఈ కళాశాలే. నాలుగేళ్ల తరువాత, ఆయన ఇంకా అధ్యక్షుడిగా ఉండగానే, శవం లేచినదీ ఈ కళాశాల మైదానం నుంచే.

ఇక ఆ సీజను. శిక్షకుడు హారీ నెల్లీ, అది ఆయనకు రెండవ సంవత్సరం. అక్టోబరు 2న టఫ్ట్స్ మీద 22-0, 9న ట్రినిటీ మీద 17-6 తేడాతో గెలిచారు. 16న యేల్ చేతిలో 0-17తో ఓడారు. దీనికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు, ఆ ఏడాది యేల్ జట్టు సీజను పొడుగునా ఎవరికీ ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 23న లీహై మీద 18-0తో తేరుకున్నారు.

యేల్ చేతిలో ఓడిన ఆ 16వ తేదీనే, అనాపొలిస్‌లోని నౌకాదళ కళాశాల విలనోవాతో ఆడింది. నేవీ క్వార్టర్‌బాక్ ఎర్ల్ విల్సన్, బంతితో వస్తున్నవాణ్ణి ఆపడానికి గాలిలోకి దూకి పడ్డాడు. మెడ ఎముక దెబ్బతిని శరీరం చచ్చుబడిపోయింది. అతడు ప్రాణంతో ఉన్నాడు గనుక నేవీ తన సీజను ఆపలేదు. అతడు మంచం మీద ఉండగానే మిగిలిన ఆటలు ఒక్కొక్కటీ జరిగిపోయాయి. ఆరు నెలలు పోరాడి 1910 ఏప్రిల్‌లో అతడు కన్నుమూశాడు. చనిపోయినవాడికి ఆట ఆగుతుంది, చనిపోతున్నవాడికి ఆగదు. ఈ లెక్క నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అక్టోబరు 30, శనివారం. హార్వర్డ్ జట్టు వెస్ట్ పాయింట్‌కు వచ్చింది. అప్పటికి అక్కడ స్టేడియం లేదు. కేడెట్లు కవాతు చేసే ‘ప్లెయిన్’ అనే పచ్చిక మైదానమే ఆటస్థలం. రెండవ అర్ధభాగం నడుస్తున్నది, హార్వర్డ్ 9-0తో ముందున్నది. హార్వర్డ్ ఆటగాళ్లు మూకుమ్మడిగా ఆర్మీ వరుస ఎడమ పక్కన పడ్డారు. ఆ పక్కన లెఫ్ట్ టాకిల్‌గా నిలబడినవాడు యూజీన్ బైర్న్, న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలో నగరపు కుర్రవాడు. కుప్ప విడిపోయింది, ఒక్కొక్కరూ లేచారు, బైర్న్ లేవలేదు. మెడపూస తొలగి ఊపిరి తీసే శక్తి పోయింది. ఆటను అక్కడితో ఆపివేశారు. వైద్యులు ఆ రాత్రంతా కృత్రిమంగా శ్వాస ఆడిస్తూ కూర్చున్నారు. ఆదివారం ఉదయం అతడు మరణించాడు.

వెస్ట్ పాయింట్ ఆనాడు కొన్ని వందల మంది కేడెట్ల సంస్థ. ఒకే బారకాసులో పడుకొని, ఒకే భోజనశాలలో తిని, ఒకే కవాతులో నడిచేవారు. బైర్న్ ముఖం తెలియనివాడు అక్కడ ఉండడు. కళాశాల మిగిలిన ఆటలన్నిటినీ రద్దు చేసింది, నవంబరు చివర ఫిలడెల్ఫియాలో జరగవలసిన ఆర్మీ-నేవీ పోటీతో సహా. ఆ పోటీ మీద ఎంత మోజు ఉండేదో తెలిస్తే గాని ఈ నిర్ణయం బరువు తెలియదు. 1890లో నేవీ సవాలు విసిరితే, డెన్నిస్ మిచీ అనే కేడెట్ అప్పటికప్పుడు జట్టు కూర్చి తొలి పోటీ ఆడించాడు (24-0తో ఓడారు, అది వేరే సంగతి). ఆ తరువాత ఏడాదికి మిగిలిన ఆటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ మిచీ 1898లో క్యూబా యుద్ధంలో మరణించాడు. 1924లో కట్టిన స్టేడియానికి అతని పేరే పెట్టారు. యుద్ధంలో మరణించడం ఈ కళాశాల విద్యార్థులకు వృత్తిలో భాగం, అందుకు సిద్ధపడే చేరుతారు. అటువంటి చోట ఒక్క మరణానికి సీజనంతా ఆపడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నాకు తోచిన సమాధానం ఇది. యుద్ధంలో చావుకు సైన్యం వద్ద ఒక కారణం ఉంటుంది, అది తల్లిదండ్రులకు వ్రాసి పంపగల కారణం. బైర్న్ చావుకు వ్రాయవలసివస్తే ఏమని వ్రాయాలి? పది గజాల కోసం అనా?

దీనిని ప్రమాదమని అనడం నాకు సమ్మతం కాదు. హార్వర్డ్‌వారు నిబంధన తప్పలేదు. ఒక పక్కను ఎంచుకొని, పదేపదే అక్కడే బరువంతా వేసి విరగ్గొట్టడం ఆనాటి పద్ధతి, అన్ని జట్లూ చేసేదే, ఆర్మీ కూడా. తప్పు మనిషిది అయితే ఒక మనిషిని శిక్షించి ఊరుకోవచ్చు. ఇక్కడ తప్పు నిబంధనల పుస్తకంలో ఉంది.

రెండు వారాలు తిరగకుండానే, నవంబరు 13న వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్‌తో ఆడుతూ వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆటగాడు ఆర్చర్ క్రిస్టియన్ గాయపడి మరునాడు మరణించాడు. అప్పుడు ఫుట్‌బాల్ మీద నిప్పులు కురిపిస్తూ లేఖ వ్రాసినవారిలో జాన్ మోస్బీ ఒకడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన గెరిల్లా దండు నడిపిన మోస్బీయే! విద్యార్థిగా ఉన్నప్పుడు తోటి విద్యార్థిని తుపాకితో కాల్చి అదే విశ్వవిద్యాలయంనుంచి వెళ్లగొట్టబడినవాడు. అటువంటివాడికే ఈ ఆట అనాగరికంగా తోచిందంటే ఇక చెప్పేదేముంది?

1910లో నిబంధనలు మారాయి. బంతి పట్టుకున్నవాణ్ణి తోయడం, లాగడం నిషేధించారు. చేతులు పెనవేసుకొని గోడ కట్టరాదన్నారు. బంతి గల జట్టువారు కనీసం ఏడుగురు ముందు వరుసలో నిలవాలన్నారు. విల్సన్ ప్రాణం తీసిన గాలిదూకుడు కూడా పోయింది. ఆటను పదిహేనేసి నిమిషాల నాలుగు భాగాలు చేసి, బయటికి వచ్చినవాడు తరువాతి భాగంలో మళ్లీ ఆడవచ్చునన్నారు. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటె దయగల నిబంధన. దెబ్బ తగిలినవాడు కాసేపు బయట కూర్చుంటే ఇక పిరికివాడు అనిపించుకోనక్కరలేదు.

ఆ నవంబరులోనే ఆర్మీ, నేవీ జట్లు ఫిలడెల్ఫియాలో మళ్లీ ఎదురుపడ్డాయి. నేవీ ఒక్క ఫీల్డ్ గోలుతో 3-0 తేడాతో గెలిచింది. మూకుమ్మడి దాడి పోయింది సరే, దాని బదులు ఏం చేయాలో రెండు జట్లకూ ఇంకా తెలియలేదన్నమాట. ముందుకు విసిరే బంతి మీది ఆంక్షలు 1912లో సడలాయి, ప్రయత్నాలు మూడు నుంచి నాలుగు అయ్యాయి.

1913 నవంబరు 1న ఇండియానా నుంచి నోటర్ డామ్ అనే అంతగా పేరులేని కళాశాల జట్టు వెస్ట్ పాయింట్‌కు వచ్చింది. మైదానం అదే, బైర్న్ పడిన ప్లెయిన్. గస్ డొరాయ్ విసిరిన బంతులను న్యూట్ రాక్నీ తదితరులు పరుగెత్తుతూ అందుకొన్నారు. 17 విసుర్లలో 14 చేతికి చిక్కాయి. ఆర్మీ వరుస బలంగా నిలబడింది గానీ బంతి దాని తలల మీదుగా వెళ్లిపోయింది. ఫలితం 35-13, ఆ ఏడాది ఆర్మీకి అదొక్కటే ఓటమి. నెల తిరగకుండానే ఆర్మీ ఆ విద్యను తానూ వంటబట్టించుకొని, న్యూయార్కు పోలో గ్రౌండ్స్‌లో నేవీని 22-9తో ఓడించింది.