గ్రామారోగ్య సేవిక: గడపదాక నడచిన వైద్యము

ఒక సీమ వైద్యచరిత్రను వ్రాయువారు ఆసుపత్రి కట్టిన సంవత్సరమును, ధనమిచ్చిన దాతను, ప్రారంభోత్సవము చేసిన మంత్రిని తప్పక పేర్కొందురు. ఇంటింటికి నడచి చూలాలి క్షేమమడిగి, రోగి మందు మ్రింగినదీ లేనిదీ విచారించిన స్త్రీ పేరు అందు కానరాదు. రాజపాళయమునకు చేరువ, పడమటి కనుమల దాపున నున్న మంసాపురము వంటి యూళ్ల యారోగ్యచరిత్రకు ఆమెయే మూలమని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ సీమ 1910 వరకు తిరునల్వేలి జిల్లాలోనిది. పిదప రామనాథపురము జిల్లాలో చేరినది. 1985లో ఆ జిల్లా విభజింపబడగా నేటి విరుదునగర్ జిల్లా యేర్పడినది. జిల్లాలు మారినను చిరకాలము పురుడు పోసినది మంత్రసానియే. ఆమె విద్య గ్రంథములలోనిది కాదు. చేతినుండి చేతికి సంక్రమించినది.

ప్రభుత్వదృష్టి పల్లెలపై ప్రసరించుటకు మదరాసు రాజధానిలో పానగల్లు రాజావారి మంత్రివర్గము కారణమయ్యెను. 1924 ప్రాంతమున ఆ ప్రభుత్వము ధనసహాయమిచ్చి వైద్యులను గ్రామములలో నిలుపు పథకము నారంభించినది. ఇది గొప్ప మేలే. అయినను అందు వైద్యుడు కూర్చుండెను, రోగి నడచెను. దేశమున నట్టివానిలో మొదటిదైన 1939 నాటి మదరాసు ప్రజారోగ్య శాసనము మాతాశిశు సంక్షేమమును స్థానిక సంస్థల విధులలో చేర్చినది. నాటినుండి గడపకు పోవుట దయాకార్యము మాత్రమే కాక ధర్మబాధ్యత కూడ నయ్యెను.

ఇంటింటికి పోవుటకు శాస్త్రప్రమాణము మదరాసు నగరముననే లభించినది. 1956లో అచట నెలకొన్న క్షయ చికిత్సా కేంద్రము కొందరు రోగులను శానటోరియమునను, కొందరిని వారి యిండ్లలోను నుంచి ఒకే మందులతో చికిత్స చేసెను. ఇరుకిండ్లలో, చాలీచాలని తిండితో నున్నవారు కూడ ఇంచుమించు సమానముగానే కోలుకొనిరని 1959లో తేలినది. మందు పనిచేయుటకు అది క్రమముగా కడుపులో పడవలెను. దానిని కనిపెట్టుటకై ఇండ్లకు పోయి మాత్రలు లెక్కించినవారు ఆరోగ్య సందర్శకులు. లోకమున క్షయ చికిత్సా విధానమే మారుటకు వారి నడకయు నొక కారణము.

ఇక ఆ సేవకు లభించిన స్థానమును విచారింతము. 1977 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వ మొక పథకము నారంభించి, వేయిమందికొక సామాజికారోగ్య కార్యకర్తను నియమింప దలచినది. శిక్షణ మూడు నెలలు, గౌరవవేతనము నెలకు 50 రూపాయలు. కొలది యేండ్లలోనే ‘కార్యకర్త’ ‘స్వచ్ఛంద సేవకుడు’గను, పిదప ‘ఆరోగ్య మార్గదర్శి’గను మారెను. నడిచిన దారి మారలేదు, మారినది పేరు. కార్యకర్త యన్నచో జీతమడుగు హక్కు కలదు. స్వచ్ఛంద సేవకుడన్నచో కృతజ్ఞత మాత్రమే మిగులును. 2005లో నారంభమైన గ్రామీణారోగ్య మిషన్ క్రింద వచ్చిన ‘ఆశా’ల విషయమునను ఇదే చిక్కు. 2022లో ప్రపంచారోగ్య సంస్థ వారిని గౌరవించినది. కాని తమకు స్థిరమైన వేతనము కావలెనని వారు పలుతావుల నడుగుచునే యున్నారు.

తమిళనాట 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో నారంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకము, అనగా ప్రజలను వెదకికొని పోవు వైద్యము, రక్తపుపోటు, మధుమేహముల మందులను ఇంటికే చేర్చుచున్నది. వ్యాధులు మారినవి, మంత్రసాని దాటిన గడపనే నేటి సేవికయు దాటుచున్నది.

మనకు ప్రత్యేకముగా గమనింపదగిన దొకటి కలదు. రాజపాళయపు తెలుగు కుటుంబములలో ఇంటి భాష తెలుగు, చుట్టును తమిళము. ముదుసలి తన బాధను ఇంటిమాటలోనే మనసార చెప్పుకొనును. ఆ మాట తెలిసిన సేవిక వినగలిగినదానిని రోగపట్టిక పట్టుకొనలేదు.

రాజపాళయపు బిడ్డ పి. యస్. కుమారస్వామి రాజా 1949 నుండి 1952 వరకు మదరాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించినట్లు చరిత్ర చెప్పును. ఆ యేండ్లలో ఈ యూళ్ల బిడ్డలకు పురుడు పోసినవారి పేర్లు చెప్పదు. పదవీవిరమణ చేసిన నర్సులు, వృద్ధ మంత్రసానులు ఇంకను మన మధ్య నున్నారు. వారి నోటిమాటలను, వారి భాషలోనే, మన సంఘములు వ్రాసి భద్రపరుపవలెను. వారితోడనే ఆ చరిత్రయు అంతరించును గనుక, ఈ పనికి జాగు తగదు.