చవక లెన్సు, చెరగని ముఖాలు

మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో తిరిగిన సినిమా రీలుదీ, పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఎక్కే ఫిల్ముదీ ఒకే వెడల్పు: 35 మిల్లీమీటర్లు. 1932లో జర్మనీలో లైకా-2 వచ్చింది. దాని చిన్న కిటికీలో రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. ఆ నమూనాలోనే సోవియట్ దేశం 1934లో ఫెడ్, 1948లో జోర్కి తయారుచేసింది. జోర్కికి బిగించే జూపిటర్-8 లెన్సుకు మూలం జైస్ సోనార్. అలా ఖరీదైన పనితనం చవకగా మామూలు మనుషుల చేతికందింది.

నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లలో అలాంటి కెమెరాతో తీసిన నెగెటివ్‌లుంటే పారేయకండి. ప్రింటు వెలిసిపోయినా నెగెటివ్ నుంచి బొమ్మ మళ్లీ తీయవచ్చు. బడి రిజిస్టరులో మన పేర్లే ఉంటాయి. పక్క బెంచీవాడి ముఖం, గంట కొట్టిన ప్యూను ముఖం ఆ ఫిల్ములోనే ఉండవచ్చు. వెతికి, సంఘానికి చూపించండి.